జానెడు మించిన ముక్క

1945 జూలై 8, ఆదివారం

సబ్బవరం నుంచి బాజీ గారు వచ్చి వెళ్ళారు. పెళ్ళికొడుకు ఇసాక్‌కి మేనమామ. తల్లీతండ్రీ లేని కుర్రాడికి ఆయనే పెద్ద దిక్కు. మా అమ్మాయి కరీమున్నీసా సంబంధం ఖాయమైంది. రంజాన్ నెల పొడిచేలోగా నికా అయిపోవాలి. పండగ దాటితే ఇసాక్ ఇక్కడ బస్సు మెకానిక్ పని మానేసి ఖర్గపూర్ రైలు వర్క్‌షాపులో చేరతాడు. ఆ తర్వాత సెలవు ఎప్పుడిస్తారో ఆ అల్లాకే తెలియాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగి మా ఇల్లు ఓసారి కలియజూశారు. ఇల్లంటే ఏముంది? ముందు కుట్టుమిషను, వెనక పొయ్యి, మధ్యలో ఒక గది. ఆయన గొడుగు విప్పితే రెండు గోడలకీ తగులుతుంది.

"జియావుద్దీన్, ఏటీ అనుకోకు. పెళ్ళి ఇక్కడెక్కడ సేత్తావు? మా పెరడు పెద్దది. పిల్లని తీసుకుని సబ్బవరం వచ్చీ. మిగతావన్నీ మేం సూసుకుంటాం."

మంచి మాటే. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పిల్లను బస్సెక్కించి, వాళ్ళింటికి తీసుకెళ్ళి, వాళ్ళ అన్నమే తిని, అక్కడే వదిలేసి రావాలా? అది పెళ్ళా, పార్సిలా?

"స్థలం చూశానండీ," అన్నాను.

"ఎక్కడ?"

"ఉందండీ ఒకటి."

లేదు.

జూలై 9

ఎందుకలా అబద్ధం ఆడానా అని పొద్దుటినుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మా ఆవిడ పీరాంబీ పోయేముందు మూడు రోజులు ఒకటే మాట. "నా పిల్లని ఈ ఊళ్ళోంచే సాగనంపు. నా వాళ్ళందరూ చూస్తుండగా వెళ్ళాలి." సరే అన్నాను. అప్పుడు ఏమడిగినా సరే అనేవాణ్ణి. రెండున్నరేళ్ళయింది. ఇప్పుడు ఆ సరే నా మెడకు చుట్టుకుంది.

జూలై 10

ఇవాళ ఆషాఢం పట్టింది. హిందువులకు నెల్లాళ్ళు పెళ్ళిళ్ళు లేవు. వంట డేగిసాలు, చాపలు, సన్నాయి మేళం అన్నీ ఖాళీ, అన్నీ చవక. మనకు ఆషాఢం పట్టింపు లేదు కదా, అదను దొరికిందని సంబరపడ్డాను. ఖాళీ లేనిదల్లా చోటు ఒక్కటే.

మసీదులో నికా చదివిస్తామన్నారు. విందుకు మాత్రం వీల్లేదు, కప్పు మరమ్మతుకు ముందు వాకిలంతా తవ్వి పెట్టారు.

సత్రం గుమాస్తా నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. "వంటేటి?" అన్నాడు. పలావు అన్నాను. "ఏటి పలావు?" అన్నాడు. నేను టోపీ సర్దుకున్నాను. "ఎల్లి రా బాబూ," అన్నాడు.

హెడ్మాస్టరు గారు నేను కుట్టిన కోటు వేసుకునే ఉన్నారు. ఆదివారం బడి ఇస్తానన్నారు గానీ బల్లలు కదపకూడదట. పెళ్ళికొడుకుని ఒకటో తరగతి బల్లలో ఇరికించి, పలక కూడా ఇవ్వమంటారా అని అడగబోయి ఊరుకున్నాను.

సినిమా డేరావాడు ఉత్తినే ఇస్తానన్నాడు. డేరాకు చిల్లులన్నీ నేను కుట్టిపెట్టాలి. తల ఎత్తి చూశాను. ఆకాశం ఎక్కువ, డేరా తక్కువ.

జూలై 12

వాన. ఎక్కడికీ వెళ్ళలేదు. మూడు లాగులు, ఒక చొక్కా.

జూలై 13, శుక్రవారం

పక్కింటి దేముడు బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చాడు. బెల్లం బజారులో కళాసీల మేస్త్రి. దిమ్మలు మోసి మోసి మెడ ఉండాల్సిన చోట కూడా భుజాలే ఉన్నాయి మనిషికి.

"ఏటి బావా, పిల్ల పెళ్ళి ఎట్టుకుని సావు కబురొచ్చినోడిలా కూకున్నావు?"

చెప్పాను.

"ఓస్, దీనికేనేటి! సత్తియ్య గారి గొడౌను కాళీయే కదా. బెల్లం అంతా ఎగుమతైపోయింది. మళ్ళీ సలికాలం దాకా అందులో ఎలక్కి కూడా పని లేదు. నాలుగ్గోడలు, పైన రేకు. నీకు నచ్చినట్టు సేసుకో."

గొడౌను సత్తియ్య గారిదే. కానీ సత్తియ్య గారు నూకరత్నమ్మ గారి భర్త. ఆవిడ గుమ్మం నేను తొక్కను.

"ఇంకా ఆ గుడ్డముక్కేనేటి బావా!" అని దేముడు నెత్తి కొట్టుకున్నాడు.

ఆ గుడ్డముక్కే. ఎనిమిదేళ్ళయింది. నూకాలమ్మ పండక్కని ఆవిడ ఆకుపచ్చ పట్టుగుడ్డ తెచ్చింది, జరీ చుక్కలది. రవిక కుట్టి ఇచ్చాను. మర్నాడు నలుగురు కూర్చున్న వేళ దుకాణం ముందు నిలబడి, మూరెడు మిగలాలి, ఏదీ అంది. కంసాలోడు కన్నతల్లి బంగారంలోనే గీకుతాడంట, దర్జీవోడు ఊరుకుంటాడేటి అంది. నలుగురూ నవ్వారు. నేను కత్తెర మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. మా ఉస్తాద్ చెప్పిన ధర్మం ఒక్కటే: జానెడు లోపు ముక్క దర్జీది, జానెడు మించితే గుడ్డ ఇచ్చినవారిది. ఇరవై రెండేళ్ళుగా అది తప్పలేదు. ఆ రోజు నుంచి ఆవిడతో మాట లేదు.

జూలై 14

నేను ఆ ముక్క తీయలేదు.

జూలై 15, ఆదివారం

దేముణ్ణి పంపాను. నేను అడిగినట్టు కాకుండా, తనే అడిగినట్టు అడగమన్నాను. వెళ్ళినంత వేగంగానూ తిరిగి వచ్చాడు.

"ఏమంది?"

"మాటాడని మనిసికి తాళమెలా ఇత్తాను, నోరిప్పి అడగమను అంది. నీ పేరు నాను ఎత్తనేలేదు బావా, నూకాలమ్మ తోడు. ఆవిడే కనిపెట్టీసింది."

ఎంత పొగరు! వెళ్ళను గాక వెళ్ళను. సబ్బవరం అయితే మాత్రం ఏం, అదేమన్నా రంగూనా?

జూలై 16

కరీమా అన్నం పెడుతూ, "సబ్బవరంలో అయినా పర్లేదు అబ్బా, నువ్వు ఊరికే తిరక్కు," అంది. నా మొహం చూడకుండా అంది. వాళ్ళమ్మా అంతే. ఏదైనా బాగా కావాలనుకుంటే నా మొహం చూడకుండా, వద్దనేది.

జూలై 17

వెళ్ళాను.

నూకరత్నమ్మ గారు అరుగు మీద బియ్యం ఏరుతున్నారు. సత్తియ్య గారు నన్ను చూడగానే, లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి వెళ్ళిపోయారు.

"అమ్మా," అన్నాను.

"ఎవరూ? ఈ గొంతు ఎక్కడో ఇన్నట్టుంది."

"జియావుద్దీన్‌నమ్మా."

"ఏ జియావుద్దీను? ఊళ్ళో ముగ్గురున్నారు."

"దర్జీ జియావుద్దీన్‌ని."

"ఓలమ్మ! దర్జీవా! ఎనిమిదేళ్ళగా మా ఈదిలో తల దించుకుని పోతన్నావు సాయిబూ. నీ టోపీ ఎరుక గానీ నీ మొకం మర్సిపోయేను."

ఆగస్టు మూడో తేదీ శుక్రవారం నికా అనీ, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా చాలనీ, అద్దె ఎంతో చెబితే ఇచ్చుకుంటాననీ ఏకబిగిన అప్పజెప్పాను. ఆవిడ చాటలో రాయి తీసి పారేసింది.

"నీ అద్దెతో నాను మేడ కడతానేటి? గోడలు సూసేవా, మసి. కడిగి సున్నం ఏసి తాళం అప్పగించు. అదే అద్దె."

కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఇస్తూ, "పీరాంబీ కూతురి పెళ్ళి," అంది. నా కూతురి పెళ్ళి అనలేదు. పీరాంబీతో ఈవిడకేం పరిచయం? పీరాంబీ పోయిన రోజున ఎదురు అరుగు మీద కాసేపు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయిన మనిషి. దానికి కూడా నేను ఒళ్ళు మండించుకున్నాను.

సరే, మంచిదే. కానీ ఆ ముక్క మాత్రం నేను తీయలేదు.

జూలై 18

గొడౌను తలుపు తీశాం. చీకటి, వేడి, బెల్లం వాసన. గోడలు తారు పూసినట్టున్నాయి. నేల మీద ఏళ్ళ తరబడి కారిన పాకం గట్టిపడి పొరలు కట్టింది. చీమలు ఊరేగింపుగా పోతున్నాయి. మధ్యలో నిలబడి చుట్టూ చూశాను. ఏమీ లేదు. కిటికీ లేదు, అరుగు లేదు, ఒక్క మేకు కూడా లేదు. వంద మంది కూర్చోవచ్చు.

నాకు భలే నచ్చింది. కత్తెర పడని కొత్త తాను చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

జూలై 19

కడిగాం. నేను, దేముడు, అతని భార్య మరిడమ్మ. కాలవలో పారిన నీళ్ళు తియ్యగా ఉన్నాయని వీధిలో ఆవులన్నీ చేరాయి. సాయంత్రానికి నేల ఆరింది.

జూలై 20

వానగాలికి నేల మళ్ళీ చెమర్చింది. మళ్ళీ జిగురు.

జూలై 21

మళ్ళీ కడిగాం. మళ్ళీ జిగురు. ఈ బెల్లం నాకంటే మొండిది.

జూలై 22, ఆదివారం

చెప్పకుండా బాజీ గారు దిగారు, ఇసాక్‌ని వెంటబెట్టుకుని. గొడౌనులో దర్జాగా రెండడుగులు వేశారు. మూడో అడుగుకి కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"జియావుద్దీన్! ఇక్కడ కూకుంటే పెళ్ళికొడుకు మళ్ళీ లేవడు!"

"మంచిదే కదండీ, పారిపోడు," అన్నాడు దేముడు.

బాజీ గారు నవ్వలేదు. ఒంటికాలి మీద నిలబడి చెప్పు పీక్కుంటూ, "వచ్చే ఆదివారం మళ్ళీ వత్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పెళ్ళి సబ్బవరంలోనే. ఇక మాటల్లేవు," అన్నారు. ఆయన తప్పేం లేదు. నేనైనా అదే అందును.

ఆయన వెళ్ళాక చూస్తే ఇసాక్ వెళ్ళలేదు. చొక్కా విప్పి, మడతపెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చాడు. "బస్సు ఇంజను జిడ్డు కంటేనా మావా ఇది? చాకలి సోడా, సలసల కాగే నీళ్ళు, ఊక తెప్పించండి," అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రేకుముక్కతో గీకి, సోడానీళ్ళు పోసి, ఊక చల్లి, గోనెతో రుద్ది, మూల నుంచి మూలకు పాకుతూ వెళ్ళాడు. మధ్యాహ్నం మూడింటికి అడుగున బూడిదరంగు సిమెంటు కనబడింది. ఇన్నాళ్ళూ ఆ గొడౌనుకు సిమెంటు నేల ఉందని దేముడికే తెలియదట.

చొక్కా నా చేతిలోనే ఉండిపోయింది. కాలరు కుట్టు పోయింది. కుట్టి ఇచ్చాను. బంగారం లాంటి కుర్రాడు. ఖర్గపూర్ అంత దూరంలో లేకపోతే ఇంకా బాగుండును.

ఇంటికొచ్చాక కరీమా, "గొడౌనులో ఎంతమంది అన్నం తిన్నారు?" అని అడిగింది. నలుగురం అన్నాను. "నలుగురూ కడుపునిండా తిన్నారా?" అంది. తిన్నాడే తల్లీ, రెండుసార్లు వడ్డించుకున్నాడు అన్నాను. లోపలికి పారిపోయింది.

జూలై 25

షబేబరాత్. పీరాంబీ సమాధి దగ్గర ఊదొత్తులు వెలిగించి వచ్చాను. చోటు దొరికిందని చెప్పాను. ఎవరిదో కూడా చెప్పాను. అక్కడ ఇంకో మాట కూడా చెబుదామనుకున్నాను. ఎవరో వచ్చారు, లేచిపోయాను.

జూలై 26

సున్నం రెండు పూతలు వేశాం. గోడ తెల్లబడి, గంటకల్లా లోపలి నుంచి మసి ఉబికి టీ రంగు తిరిగింది. దానికి తోడు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్యన పరదా కావాలి. గొడౌను అడ్డంగా కట్టాలంటే పద్దెనిమిది గజాలు. యుద్ధం మూలాన గుడ్డ కంట్రోలు. కూపన్ల మీద నాకు వచ్చేది పెళ్ళికూతురి జతకే చాలలేదు. దర్జీ కూతురి పెళ్ళికి గుడ్డ లేదు! ఎవరితోనైనా చెబితే నవ్విపోతారు.

కరీమా ఏమీ అనకుండా మంచం కింద నుంచి చెక్కపెట్టె లాగింది. కత్తిరింపు ముక్కల పెట్టె. ఇరవై రెండేళ్ళవి. పీరాంబీ ఒక్కటి పారేయనిచ్చేది కాదు. బొంతలకు పనికొస్తాయనేది.

"ఇవన్నీ కలిపితే అబ్బా?"

ఊళ్ళో సగం మంది వీపులు ఆ పెట్టెలో ఉన్నాయి. అన్నీ జానెడు లోపువే. నేనే ఒక్కొక్కటీ తీసి జాన పెట్టి చూశాను. మరిడమ్మ మాత్రం, "నీ జానా, నా జానా? నీ సెయ్యి గంపంత ఉంది కదా సాయిబన్నా," అంది. దర్జీకి దర్జీ జానే కొలత అన్నాను.

పెట్టె అడుగుదాకా చూడలేదు. నడుం పట్టేసింది.

జూలై 29, ఆదివారం

బాజీ గారు గొడౌనులో ఈ చివర నుంచి ఆ చివరికి పన్నెండడుగులు నడిచారు. వెనక్కి తిరిగి మళ్ళీ పన్నెండు నడిచారు. రెండు చెప్పులూ కాళ్ళకే ఉన్నాయి. "ఊఁ," అన్నారు. నాకు ఆ ఊఁ చాలు.

జూలై 31

పరదా అవుతోంది. కరీమా, మరిడమ్మ ముక్కలు జతచేస్తారు, నేను మిషను మీద కలుపుతాను. మధ్యభాగం కరీమా ఒక్కతే చేత్తో కుడుతోంది, నన్ను చూడనివ్వడం లేదు. కట్టాక చూద్దువుగానిలే అంటుంది. పదహారేళ్ళుగా నా పక్కన కూర్చుని కాజాలు కుట్టిన పిల్ల. పద్దెనిమిదేళ్ళదానికి పదహారేళ్ళా అంటే, అవును, రెండేళ్ళప్పుడే సూది అడిగింది.

పిల్ల వెళ్ళిపోతే నాకేమీ కాదు. పని బోలెడుంది.

ఆగస్టు 1

చీమలు. నేల శుభ్రమైతే గోడల బీటల్లోంచి దిగాయి. పసుపు చల్లాం, బూడిద చల్లాం. వినవు. ఆఖరికి దేముడు ఒక బెల్లం దిమ్మ తెచ్చి పెరటి తలుపు అవతల పెట్టాడు.

"ఎన్నేళ్ళనుంచో ఇక్కడున్నవి అయ్యి. ఆటిని పిలవకుండా పెళ్ళేటి బావా? ముందు ఆటికి ఎట్టీ."

సాయంత్రానికి ఒక్క చీమ లోపల లేదు. అన్నీ విందులో ఉన్నాయి.

ఆగస్టు 2, గురువారం

మధ్యాహ్నం పరదా కట్టాం. తాడు బిగించి దేముడు చేతులు దులుపుకున్నాడు. వెనక్కి నడిచి చూశాను. చారలు, గళ్ళు, పూలు, ఖాకీ, మల్లు, ఛీటీ. మసిగోడల మధ్య అంత అందమైనది నేను నా జన్మలో కుట్టలేదు.

మధ్యలో ఆకుపచ్చ పట్టు. జరీ చుక్కలు.

జానెడు కాదు, మూరెడు ఉంది. చుట్టూ పీరాంబీ నికా దుపట్టా అంచు వేసి కుట్టింది కరీమా. "నా బొమ్మకి అమ్మీ కుట్టిన పావడా అబ్బా. ఇన్నాళ్ళూ పెట్టె అడుగున దాచాను. విప్పి పరిచాను. రేపు అమ్మీ కూడా ఉన్నట్టుంటుంది," అంది.

నా చేతిలో కత్తెర ఉంది. నాలుగు కుట్లు కోస్తే ముక్క ఊడి వస్తుంది. రేపు నూకరత్నమ్మ గారు వస్తారు. ఊరంతా వస్తుంది. నలుగురిలో కత్తెర మీద ఒట్టు వేసినవాడి కూతురి పెళ్ళిలో, నట్టనడుమ, ఆవిడ గుడ్డ. కోద్దామని చెయ్యి ఎత్తాను కూడా. "ఏం అబ్బా, వంకర పోయిందా?" అంది పిల్ల. లేదమ్మా, బాగుంది అన్నాను.

కత్తెర జేబులో పెట్టుకుని తిన్నగా ఆవిడ ఇంటికి నడిచాను.

"మీ ఆకుపచ్చ ముక్క దొరికిందమ్మా," అన్నాను. "మా పెట్టెలోనే ఉంది. మా కరీమా తెలియక పరదాలో కుట్టేసింది."

"పోతే కదా దొరకడానికి," అంది ఆవిడ. చేతిలో చాట దించలేదు. "నువ్వు ఒట్టేసిన నాలుగోనాడు పీరాంబీ వచ్చింది సాయిబూ. వానలో తడిసి ముద్దై వచ్చింది. ముక్క కదా అని బొమ్మకి పావడా కుట్టీసేనమ్మా, ఇప్పుడు ఇప్పితే పిల్ల ఏడుత్తాది, ఇప్పకపోతే మీ సొమ్ము అంది. ఆయనకి తెలిత్తే మళ్ళీ కత్తెర ముట్టడు అంది. ఉంచుకోమన్నాను. ఎవరికీ సెప్పనని నూకాలమ్మ మీద ఒట్టేసేను."

"ఎనిమిదేళ్ళు..." అన్నాను.

"ఎనిమిదేళ్ళూ ఊరంతా నన్నే ఆడిపోసుకున్నారు. సాయిబు మీద నింద ఏసిన గయ్యాళి అని. మా ఆయనా అన్నాడు. పడ్డాను. ఏటి సేత్తాను, ఒట్టు కదా! ఆ మనిసి పోయిన నాడు కూడా నువ్వేటంటావో అని మీ గుమ్మం ఎక్కలేకపోయేను."

అరుగు మీద కూర్చున్నాను. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. నాకు తెలుసు. ఒట్టు వేసిన మూడో రోజున కరీమా బొమ్మ ఒంటి మీద ఆ పావడా చూశాను. చూసి మొహం తిప్పుకున్నాను. నేను తీయలేదు, నిజమే. కానీ మా ఇంట్లోనే ఉందని తెలుసు. తెలిసి, తెలియనట్టు ఎనిమిదేళ్ళు తల దించుకుని ఆవిడ వీధిలో నడిచాను. నింద మోసినవాడిలా కూడా నడిచాను. పీరాంబీని ఒక్కసారి అడిగి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. అడగలేదు. ఆమె భయపడుతూనే పోయింది.

ఇదంతా ఆవిడతో చెప్పాను. ఆవిడ చేతిలో చాట ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండును.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అంది. "ముగ్గురం కలిసి ఒక్క ముక్కనే దాసేమన్నమాట!"

నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. నేనూ తుడుచుకున్నాను.

"విప్పేయమంటారా అమ్మా?"

"ఇప్పి సూడు! ఇప్పితే తాళం ఎనక్కి అడుగుతాను."

ఆగస్టు 3, శుక్రవారం

అయింది. అల్లా దయ. రేపు రాస్తాను.

ఆగస్టు 4

జుమ్మా నమాజు అవగానే గొడౌనులో నికా చదివారు. వాన రేకు మీద దడదడలాడింది, ఖాజీ గారి ఖుతుబా సగం ఎవరికీ వినబడలేదు. ఇసాక్ మాత్రం కబూల్ అన్నది ఆ చివర చీమలకు కూడా వినబడేలా అన్నాడు.

పలావు వంద మందికి సరిపోయింది. పంచదార కంట్రోలు కదా, జర్దా తీపి అన్నం బెల్లంతో చేశాం. బాజీ గారు మూడుసార్లు వేయించుకుని, ఇలాంటి జర్దా సబ్బవరంలో కుదరదు అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా దాచుకుంటాను.

విందు మధ్యలో హెడ్మాస్టరు గారు చెయ్యి కడుక్కుని వస్తూ పరదా ముందు ఆగిపోయారు. "ఇది నా కోటు గుడ్డ కదూ?" అన్నారు. ఇంకేముంది! ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఇది మా నాన్న లాల్చీ, ఇది మా అన్న పెళ్ళి చొక్కా, ఇదిగో నా చిన్నప్పటి లాగు. అవతల పక్క నుంచి ఆడవాళ్ళు రవికలు వెతుక్కుంటున్నారు. ముక్క దొరికినవాళ్ళు దాని ముందే నిలబడి పక్కవాళ్ళను పిలుస్తున్నారు. నేను గంపెడు సంబరంతో చూస్తున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో, "అయితే దర్జీ మనందరి దగ్గరా కొట్టేసేడన్నమాట," అన్నారు. నవ్వారు. అదే నవ్వు, ఎనిమిదేళ్ళ కిందటిదే. కరీమా వింటుందేమోనని పరదా వైపు చూశాను. నాకు ఇంతవరకూ తట్టనే లేదు! దాచిన ముక్కలన్నీ ఊరికి ఊరునే పిలిచి చూపించే దర్జీ నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పరదా అవతల నుంచి నూకరత్నమ్మ గారి గొంతు లేచింది.

"ఎవడ్రా ఆ కూసినోడు? జానెడు లోపు ముక్క దర్జీది. అది ధర్మం. జానెడు మించింది ఇందులో ఒక్కటే ఉంది, మధ్యన ఆకుపచ్చది. అది నాదే. పీరాంబీకి నాను ఇచ్చేను. ఆ నాడు సాయిబుని నలుగురిలో అన్నాను, ఈనాడు నలుగురిలో సెబుతున్నాను. ఇంకెవరికైనా ముక్క కావాలా?"

ఎవరికీ అక్కర్లేకపోయింది. సత్తియ్య గారు కొంచెం ధైర్యం చేసి చప్పట్లు కొట్టారు.

వెళ్ళేటప్పుడు కరీమా పరదా దగ్గర ఆగింది. ఆకుపచ్చ ముక్కకు చెంప ఆనించి నిలబడింది. బయట బస్సు హారను కొడుతూనే ఉంది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. బెల్లం బజారు, దర్జీల వీధి, బడి, సత్రం గుమాస్తా కూడా, పీరాంబీ వాళ్ళందరూ చూస్తుండగా బస్సెక్కింది.

నాకేమీ కాదని రాశాను కదా. అదీ అబద్ధమే.

పరదా దింపి వాళ్ళతోనే ఇచ్చేశాను. ఖర్గపూర్‌లో వాళ్ళ గదికి తలుపు ఉందో లేదో.

ఆగస్టు 6

గొడౌను మళ్ళీ కడిగి, మూడో పూత సున్నం వేసి తాళం అప్పగించాను.

ఆగస్టు 9

అన్నం ఇద్దరికి వండాను.

ఆగస్టు 16, గురువారం

రంజాన్ ఏడో రోజా, ఉపవాసం. నిన్నటి నుంచి బజారంతా యుద్ధం అయిపోయిందని ఒకటే హోరు. గుడ్డ కంట్రోలు ఎప్పుడు ఎత్తేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు.

మధ్యాహ్నం నూకరత్నమ్మ గారు దుకాణానికి వచ్చారు. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి. ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ళు వినాలనే కాబోలు, రోడ్డు మీద నుంచే, "సాయిబూ, రవిక కుట్టాల," అని కేకేసింది. గులాబీ రంగు పట్టు. కొలత చూసి, సుద్దతో గీతలు గీశాను.

"ఎంత మిగులుతాది?" అంది.

"జానెడు పైనే మిగిలేలా ఉందమ్మా. మిగిలింది ఇచ్చేస్తాను."

"ఎవరడిగేరు నిన్ను? అట్టే పెట్టు. పీరాంబీ మనవరాలికి బొమ్మలొద్దేటి?"

ఆవిడ వెళ్ళాక కత్తిరించాను. జానెడు మీద నాలుగు వేళ్ళు మిగిలింది. ఖాళీ పెట్టె లాగి అందులో పెట్టాను.